నీళ్లు గీసే గీత

ఫొటో ఫ్రేముల దుకాణంలో దొరికే రెండు గాజు పలకలు, ఒక అగ్గిపుల్ల, రెండు రబ్బరు బ్యాండ్లు, కాసిని రంగు నీళ్లు. మూడు శతాబ్దాల కిందట లండన్ రాయల్ సొసైటీ పత్రికకెక్కిన ప్రయోగాన్ని ఇంట్లో చేయడానికి ఇవి చాలు.

పలకలను సబ్బుతో రుద్ది, సబ్బు జాడ లేకుండా కడగాలి. వేలి జిడ్డు అంటినా నీరు సరిగా ఎక్కదు. రెండింటినీ జతచేసి, ఒకవైపు నిలువు అంచు దగ్గర వాటి మధ్య అగ్గిపుల్ల ఇరికించాలి. రెండోవైపు అంచులు కలిసే ఉండాలి. బ్యాండ్లు వేసి, రంగు నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టాలి. అగ్గిపుల్ల వైపు నీరు కాస్త లేచి ఆగిపోతుంది. సందు సన్నబడేకొద్దీ పైపైకి ఎగబాకుతుంది. గాజు మీద అందమైన వంపు గీత తేలుతుంది.

1712లో బ్రూక్ టేలర్ ఈ వంపు అతిపరావలయానికి చాలా దగ్గరగా ఉందని రాశాడు. గణితంలో టేలర్ శ్రేణి ఈయన పేరు మీదిదే. సందు సగమైతే ఎత్తు రెట్టింపు, అదే సూత్రం. 1 మిల్లీమీటరు సందులో నీరు దాదాపు 1.5 సెంటీమీటర్లు లేస్తుంది, అర మిల్లీమీటరులో 3. స్కేలు పెట్టి కొలిచి చూడండి.

నీటిని లేపుతున్నది గాలి పీడనమేమో అన్న అనుమానం అప్పట్లో ఉండేది. ఆ కాలపు ప్రయోగకర్త ఫ్రాన్సిస్ హాక్స్‌బీ గాలి తీసేసిన పాత్రలోనూ చేసి చూశాడు. నీరు అక్కడా లేచింది. గాజుకు అంటుకునే గుణంతో నీటి అంచు పైకి పాకుతుంది, తలతన్యత మిగతా నీటిని వెంట లాక్కొస్తుంది. లేచిన నీటి బరువు ఆ లాగుడుకు సమానమైన చోట ఆగుతుంది. సన్నని సందుల్లో నీరు ఇలా ఎక్కడమే కేశనాళికీయత.

చెట్టు చివరికి నీరెక్కేదీ ఇలాగేనని చాలామంది చెబుతుంటారు. లెక్క ఒప్పుకోదు. చెట్టు నాళాల్లా సన్నగా, 0.1 మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టంలోనూ నీరు ఎక్కేది 30 సెంటీమీటర్లే. కొబ్బరి మొవ్వు దాకా చేర్చేది, ఆకుల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు పైనుంచి పుట్టే లాగుడు.

నేలలో మాత్రం కేశనాళికీయత నిత్యం జరిగే పని. వాన వెలిశాక అడుగు తేమ మట్టి రేణువుల సందుల్లోంచి పైకొచ్చి ఎండకు ఆవిరైపోతుంది. రాయలసీమ మెట్ట రైతు సాళ్ల మధ్య గుంటక తోలేది కలుపు కోసమే కాదు. పైమట్టి పొడిపొడిగా విడివడితే ఆ సందుల వరస తెగుతుంది, తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంత గొప్ప ఉదాహరణ పొలంలోనే ఉండగా, పాఠంలో దీపం వత్తి, అద్దుడు కాగితం చెప్పి ఊరుకోవడం అన్యాయం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వారం రెండు పలకలు తరగతికి తీసుకెళ్లండి. పిల్లల వేళ్లు తెగకుండా దుకాణంలోనే అంచులు నూరించండి. సూత్రం ముందే చెప్పకండి. కొలతలు పూర్తయ్యాక వాళ్లనే చెప్పనివ్వండి.