గాదె తాళము ఎవరిచేత నుండవలయును?

మెట్ట గ్రామములలో ఆషాఢ శ్రావణ మాసములు పేదరైతునకు మిక్కిలి కఠినమైనవి. పాతపంట యడుగంటును, క్రొత్తపంట యింకను మోకాలెత్తుననే యుండును. విత్తనములకును ఎరువులకును సహకార సంఘము ఋణ మిచ్చును గాని, ఆ నెలలలో కడుపునకు వలయు గింజలకు మన పద్దులలో తావు లేదు. పూర్వ మా రైతు నాగునకు గింజలిచ్చువాని యరుగు నెక్కెడివాడు.

నాగన నేమో పెద్దలకు చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రము చెప్పవలసియున్నది. శ్రావణములో ఒక బస్తా తెచ్చుకొన్నవాడు కళ్లమునందు ఒకటిన్నర బస్తా కొలువవలెను. ఆరునెలలకు సగము వడ్డి! అంతటితో పోదు. కొందరు తెచ్చిన గింజలకు శ్రావణపు ధర గట్టి, ఆ రూకలను కళ్లపు ధరకు మరల గింజలుగా మార్చి, ఆపైన నాగు వేయుదురు. శ్రావణములో బస్తా 3,000 రూపాయలును, కళ్లమున 2,000 రూపాయలును పలికినదనుకొందము. ఒక బస్తా అప్పు మారకముతోనే ఒకటిన్నర బస్తా యగును. దానిపై సగము నాగు చేర్చినచో రెండుంబావు బస్తాలు. నూర్చిన పంట యిల్లు చేరకమునుపే మరల అప్పు మొదలగుటకు కారణ మిదియే.

చౌకడిపో బియ్యము వచ్చిన పిదప ఈ బాధ చాల తగ్గినదనుట నిజము. 2013 సంవత్సరపు ఆహార భద్రతా చట్టము సామాన్య కార్డుదారునకు తలకు నెలకు 5 కిలోలు నిర్ణయించినది; 2023 జనవరి నుండి వాటికి వెల లేదు. కాని 5 కిలోలను ముప్పది దినములకు పంచిచూడుడు: దినమునకు 170 గ్రాములైనను రావు. నాగలి పట్టువానికిది యొకపూట కూడు.

అన్నదాతలు మనలో లేకపోలేదు. 1866 నాటి కరవున కర్నూలు సీమ ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు వేలకొలది జనులకు గంజిపోసి ప్రాణములు నిలిపిరి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909 లో పరమపదించువరకు వేళగాని వేళ వచ్చిన బాటసారికిని వడ్డించిరి. అట్టివారిని తలచినపుడు చేతులెత్తి నమస్కరింపవలసినదే. అయినను దాత గతించిన పిమ్మట పొయ్యి చల్లారు భయ ముండును. ఆ భయము లేకుండుటకే కాబోలు, అమెరికాలోని ఫీనిక్సు నగరమున 1967 లో జాన్ వాన్ హెంగెల్ అనునాతడు ఆహారమునకే యొక బ్యాంకు నెలకొల్పెను. ఉన్నవారు మిగిలిన తిండిని అచట జమచేయుదురు. లేనివారి కది చేరును.

గాదె నింపుట యొకటి, దాని తాళ మెవరిచేత నున్నదనుట మరియొకటి. మిషను పాఠశాలలో చదివినవారు ఐగుప్తు దేశమున యోసేపు కథ నెరుగుదురు. ఏడు మంచి పంటల కాలమున అయిదవ వంతు ధాన్యము కూర్చి యాతడు ఏడేండ్ల కరవు గడపెను. ఆ కథ నంతటితో నిలిపి బోధించుట పరిపాటి. తరువాతి యధ్యాయములు చదివినచో, ఆ ధాన్యమునకై జనులు ముందు రూకలు, పిదప పశువులు, తుదకు భూములుకూడ ఫరోకు వ్రాసియిచ్చిరని కలదు. ప్రాణములు దక్కినవి, పొలములు దక్కలేదు. తాళము రాజుచేత నుండెను మరి.

ఇందుకు వేరైన పద్ధతి మన తెలుగునేలనే జరిగినది. 1983 లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారు జహీరాబాదు ప్రాంతమున (అది యప్పుడు మెదకు జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) ఊరూర స్త్రీల సంఘములు పెట్టించిరి. సభ్యులలో పెక్కురు దళిత స్త్రీలు. ఎకరమో రెండెకరములో చెలక గలవారు. పెట్టుబడి లేక ఆ చెలకలు బీళ్లుపడియుండెను. జొన్నరొట్టె తిను ఇండ్లవారు, సొంతనేల యుండియు, దుకాణపు బియ్యమునకై వరుసలో నిలువవలసివచ్చెను.

1990 తరువాతి దశాబ్దపు నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయముతో ముప్పదికి పైగా గ్రామములలో నొక యేర్పాటు జరిగెను. బీడు దున్నుటకును, ఎరువు తోలుటకును, విత్తనమునకును రైతున కప్పిచ్చిరి. ఆ యప్పును రూకలతో గాక జొన్నలతో, కొన్నియేండ్లలో తీర్పవలెనని నిబంధన. ఏ యూరి జొన్న లా యూరనే నిలువయుంచి, పనులు దొరకని నెలలలో పేదయిండ్లకు తక్కువ ధరకు అమ్మిరి. వచ్చిన సొమ్ము ఊరి నిధి యయ్యెను.

పేద లెవరని నిర్ణయించినది గుమాస్తా కాదు. ఊరివారే నలుగురిలో కూర్చుండి యింటింటిని గూర్చి యోచించిరి. ఇంటిలో సంపాదించువా డున్నాడా, నేల యున్నదా, ముసలివారిని చూచువా రున్నారా యని తరచి, మిక్కిలి లేనివారికి ఎక్కువ జొన్నలును, కొంత మెరుగైనవారికి తక్కువయు వ్రాసిరి. నలుగురియెదుట చెప్పినపుడు కలవాడు లేనివాడనని పేరు వ్రాయించుకొనుట కష్టము. నాకు ఈ యేర్పాటులో నన్నిటికంటె నచ్చినది యిదియే. కొలుచుట, దాచుట, పంచుట యంతయు ఆ స్త్రీల చేతిమీదుగనే నడచెను. ఈ సంఘములకు 2019 లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది.

ఇట్టి గాదె పెట్టుట మన సంఘములకు తలకుమించిన పని కాదు. 1996–97 లో ప్రభుత్వమువారు ప్రారంభించిన గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకమున కొక్కొక్క బ్యాంకునకు 30 నుండి 40 కుటుంబములును, కుటుంబమునకు ఒక క్వింటాలు వరకు అప్పును అని లెక్కగట్టిరి. ఆ కొలత మనకును సరిపోవును. నాగునకు మారుగా క్వింటాలునకు 10 కిలోలు చేర్చి తీసికొన్నచో తరుగునకు చాలునని నా యభిప్రాయము.

గాదెను చెరచునది తరచుగా ఎగవేతకంటె ముక్కపురుగు. జొన్నలలో తేమ నూటికి 12 పాళ్లకు మించరాదు. పంట కొరికినపుడు గింజ నలుగక టప్పున విరుగవలెను. పాత సంచులను మరుగునీట ముంచి యెండబెట్టి వాడవలెను. బస్తాలను నేలపై గాక బల్లలపై, గోడకు మూరెడు ఎడముగా పేర్చవలెను. పాతగింజలపై క్రొత్తగింజలు పోయరాదు. పాతర వాడుచోట మూత తీసినవెంటనే ఎవరిని దింపవలదు. లోపలి చెడుగాలికి ప్రాణములు పోయినవి. చాలసేపు తెరచియుంచి, దీపము దింపి చూచి, అది ఆరినచో నాటికి పని మానుకొనుడు.

బాకీ కొలుచుకొనవలసిన చోటు కళ్లమే. గింజ లింటికి పోయిన పిదప అడుగబోయినచో, పిల్లల నోటికాడిది లాగుకొన్నట్లుండును. అడుగువారికిని నోరు రాదు.