నల్లరేగడి నేలకు బూడిద మందు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు మన్నారు పెద్దలు. ఇల్లు కట్టునపుడు గోడల యెత్తును గూర్చియు, వాకిండ్ల దిక్కును గూర్చియు ఇంటిల్లిపాదియు ముచ్చటించుకొందురు. ఆ బరువునంతటిని మోయు నేలను గూర్చి విచారించువారు మాత్రము అరుదు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు మున్నగు ప్రాంతముల నల్లరేగడి నేలలలో ఇల్లు కట్టదలచిన సోదరీమణులు ఈ సంగతిని ముందుగా తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

రేగడి నేల ప్రత్తికిని మిరపకును తల్లి వంటిది. నీటిని చిరకాలము పట్టియుంచు గుణమే దానికి ఆ పేరు తెచ్చినది. ఆ గుణమే ఇంటికి చేటగుచున్నది. ఈ మన్నులో మాంట్‌మొరిల్లొనైటు అను ఖనిజము కలదు. అది మిక్కిలి పలుచని రేకులుగా నుండును. వానకాలమున నీరు ఆ రేకుల నడుమ జొచ్చుటచే మన్ను ఉబ్బును. వేసవిలో తేమ తొలగగా కుదించుకొని నెఱ్ఱెలు వాఱును. ఇంటి నడిమి నేల తేమగా నుండి, అంచుల నేల ఎండుటచే పునాది యొకచోట లేచి, మఱియొకచోట దిగును. అపుడు గోడలు ఏటవాలుగా బీటలు వాఱును, తలుపులు పట్టివేయును. ఆ బీటలను ఏటేట సిమెంటుతో పూడ్చినను, అడుగున నేల కదలుచున్నంతకాలము అవి మరల విచ్చుచునే యుండును.

ఈ నేలకు సున్నము మంచి మందు. సున్నములోని కాల్షియము మంటిరేకులను పట్టుకొని, వాని నీటిదాహమును తగ్గించును. జిగటమన్ను పొడిపొడిగా మారును. పిమ్మట కొన్ని వారములకు సున్నము సిలికాతో కలిసి, సిమెంటును బోలిన బంధకపదార్థ మేర్పడును. ఈ సిలికాను అధికముగా నొసగుటకే బూడిద వలసియున్నది.

100 కిలోల ధాన్యమును దంచిన సుమారు 20 కిలోల ఊక వచ్చును. దానిని కాల్చిన సుమారు 4 కిలోల బూడిద మిగులును. ఆ బూడిదలో నూటికి 80 పాళ్లకు మించి సిలికాయే. బియ్యపుమిల్లుల కడ గుట్టలుగా పడియుండి, గాలికి లేచి, ఆరవేసిన బట్టలపై వ్రాలు బూడిద యిదియే. రామగుండము, విజయవాడ మున్నగు తావుల విద్యుత్కేంద్రములలో బొగ్గు మండగా మిగులు సన్నని బూడిదయు నీ పనికి వచ్చును. దానిని కట్టడములకు వినియోగింపవలెనని భారత ప్రభుత్వము 1999 లోనే ఉత్తరువు చేసినది.

మట్టిగోడకు ఊకయు గడ్డియు కలిపి త్రొక్కుట మన యవ్వలకు తెలిసిన పనియే. అది ఆరునపుడు మన్ను పగులకుండ పట్టియుంచును. సున్నముతో చేరిన బూడిద యట్లు పట్టియుంచుటతో నిలువక, మంటి స్వభావమునే మార్చును. అట్లని పొయ్యిలోని కట్టెల బూడిదను తెచ్చి కలుపరాదు; దాని గుణము వేఱు. మితిమీరిన వేడిలో కాలిన ఊకబూడిదయు చుఱుకుగా పనిచేయదు.

మన్ను ఉబ్బునో లేదో తెలిసికొను పరీక్ష సులభమైనది. ఎండబెట్టి సన్నముగా జల్లించిన మన్నును 10 గ్రాముల చొప్పున రెండు కొలగాజులలో పోసి, ఒకదానిలో నీరును, రెండవదానిలో కిరసనాయిలును నింపి, 24 గంటలు కదలకుండ నుంచవలెను. కిరసనాయిలులో మన్ను ఉబ్బదు. అందు 12 గీతల వఱకును, నీటిలో 21 గీతల వఱకును మన్ను నిలిచినచో, ఉబ్బు నూటికి 75 అన్నమాట. 50 దాటినచో జాగరూకత వహింపవలెను.

సామాన్యముగా సున్నము పొడిమంటి బరువులో నూటికి 3 మొదలు 8 పాళ్ల వఱకు పట్టును. బూడిద పాలును, సున్నపు పాలును నిర్ణయించుట మాత్రము పరీక్షాగారము వారి పని. జిప్సము వంటి సల్ఫేటులు గల మంటిలో సున్నమే ఉబ్బును పెంచవచ్చును గనుక ఊహపై కలుపుట తగదు. గడ్డలు చిదిపి, పాళ్లు సమముగా కలిపి, తగుమాత్రము తడిపి, పొరలు పొరలుగా దిమ్మిసకొట్టి, వారముదినములైనను తేమ ఆరనీయకుండ కాపాడవలెను. సున్నము కంటబడిన ప్రమాదము. బూడిదధూళి రొమ్మునకు చెఱుపు. కావున పిల్లలను ఆ దరికి రానీయరాదు.

ఈ విధానము గచ్చుల క్రింది నేలకును, బాటలకును మిక్కిలి తగినది. బరువైన మేడకు మాత్రము పునాది యెట్లుండవలెనో ఇంజనీరే చెప్పవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై అడుగున ఉబ్బుగల స్తంభపు పునాదులను రూపొందించియున్నారు.

ఇల్లు కట్టిన పిదప గృహిణి చేయదగిన పని యొకటి కలదు. వంటయింటినీరు, స్నానపునీరు గోడమొదట నింకనీయక దూరముగా పోవునట్లు కాలువ యేర్పఱుపవలెను. గోడకు మిక్కిలి చేరువను పెద్దచెట్టును నాటరాదు. అది వేసవిలో పునాదిక్రింది తేమను పీల్చివేయును.

ఒక కుటుంబము పెక్కేండ్లు కూడబెట్టిన సొమ్ము ఇంటిలోనే చేరును. ఆ సొమ్ములో కొంచెము నేలపై వెచ్చింపుమనుటకు స్త్రీలు వెనుదీయరాదు. శంకుస్థాపనకు ముహూర్తము పెట్టించుటకు ముందే మన్నును పరీక్ష చేయింపుడని మా మనవి.