ఆటల డిస్కులలోని చలనచిత్రములు

సంస్కృత నాటకములలో విష్కంభమను నొక చిన్న భాగము కలదు. రెండంకముల నడుమ జరిగిపోయిన కథను, ఇకముందు జరుగబోవు కథను చిన్న పాత్రల సంభాషణద్వారా ప్రేక్షకులకు తెలియజేయుట దాని పని. నేటి వీడియో ఆటలలోను ఇట్టి భాగమొకటి యున్నది. ఆటగాడు కొంత దూరము ఆడిన పిమ్మట అతని చేతిలోని మీటలు పనిచేయుట మానును. తెరపై ఒక చిన్న చలనచిత్రము నడచును. అది ముగియగనే ఆట మరల మొదలగును. ఈ భాగమును కట్‌సీన్ అందురు.

ఇరువదియైదు, ముప్పది సంవత్సరముల క్రిందటి ఆటల కట్‌సీనులను డిస్కు నుండి వెలికిదీసి, నేటి కంప్యూటరుపై చూచుటకు వీలుగా మార్చువారు పెక్కుమంది కలరు. పని చూచుటకు సులభముగనే కన్పట్టును. డిస్కులో చలనచిత్రమున్నది, దానిని కంప్యూటరులోనికి ఎత్తి వ్రాసికొన్న చాలును గదా యని తోచును. అట్లు చేసినవారికి చాలమారు బొమ్మ దక్కి మాట దక్కదు. కారణము తెలియవలెనన్న ఆ చిత్రము డిస్కులో ఎట్లు కూర్చబడినదో మొదట తెలియవలెను.

సోనీ సంస్థవారు ప్లేస్టేషన్ అను యంత్రమును 1994 డిసెంబరు 3వ తేదీన జపాను దేశమున విడుదల చేసిరి. అంతకు ముందటి యంత్రములలో పెక్కింటికి ఆటలు కార్ట్‌రిడ్జ్ అను చిన్న పెట్టెలలో వచ్చెడివి. వానిలో చోటు కొద్ది మెగాబైట్లకు మించదు. ప్లేస్టేషన్ ఆటలు సీడీపై వచ్చెను. సీడీలో సుమారు 650 మెగాబైట్ల చోటు కలదు. కథను చలనచిత్రముగా చూపవలెనను కోరిక ఆటల నిర్మాతలకు ఇక తీరవచ్చుననిపించెను.

అయినను లెక్క వేసి చూడుడు. అడ్డముగా 320, నిలువుగా 240 చుక్కలుగల బొమ్మ యొకటి తీసికొందము. ఒక్కొక్క చుక్క రంగును చెప్పుటకు మూడు బైట్లు కావలెను. బొమ్మ యొకటికి 2,30,400 బైట్లగును. సెకనునకు 15 బొమ్మలు చూపవలెనన్న 34,56,000 బైట్లు కావలెను. ఈ లెక్కన సీడీ యంతయు నింపినను మూడు నిమిషముల చిత్రమే పట్టును. అదియునుగాక ప్లేస్టేషన్ తన డిస్కును రెట్టింపు వేగమున త్రిప్పినప్పుడు సైతము సెకనునకు సుమారు మూడు లక్షల బైట్లను మాత్రమే చదువగలదు. అనగా ఒక సెకను కాలమున ఒకటిన్నర బొమ్మయైనను చేతికి రాదు. కావున కుదింపు తప్పనిసరి యయ్యెను.

కుదించిన బొమ్మను విప్పుటకై ఆ యంత్రములో ఎమ్‌డెక్ అను ప్రత్యేక విభాగమును అమర్చిరి. బొమ్మను 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పుగల గళ్లుగా విభజింతురు. పైన చెప్పిన బొమ్మలో ఇట్టి గళ్లు 300 వచ్చును. ప్రతి గడిలోను వెలుగునీడలను పూర్తిగా ఉంచి, రంగును మాత్రము నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున ఉంచెదరు. మనుష్యుని కన్ను వెలుగులోని తేడాను పట్టినంత నిశితముగా రంగులోని తేడాను పట్టజాలదు. పిదప కంటికి అంతగా ఆనని సన్నని వివరములను గణితముచే వడగట్టి విడిచిపెట్టుదురు. నేడు ఛాయాచిత్రములను దాచు జేపెగ్ పద్ధతియు ఇట్టిదే. ఇన్ని చేసిన మీదట బొమ్మ యొకటి సుమారు పదునేడున్నర వేల బైట్లకు, అనగా పదమూడవ వంతుకు దిగును.

ఇక్కడ గమనింపదగిన గుణమొకటి కలదు. నేటి చలనచిత్ర పద్ధతులలో ఒక బొమ్మ తన ముందటి బొమ్మపై ఆధారపడి యుండును; మారిన భాగమును మాత్రమే క్రొత్తగా వ్రాయుదురు. ఎమ్‌డెక్ పద్ధతిలో ఏ బొమ్మకు ఆ బొమ్మయే స్వతంత్రము. డిస్కుపై గీతపడి ఒక బొమ్మ చెడినను తరువాతి బొమ్మకు హాని లేదు.

ఇక శబ్దము సంగతి. పట్టాలపై పోవు గూడ్సు బండిని మనసున ఊహించుకొనుడు. సీడీలోని సమాచారమంతయు సెక్టారులను పెట్టెలలో వరుసగా నింపబడి యుండును. ఒక్కొక్క పెట్టెలో 2,352 బైట్లు పట్టును. రెట్టింపు వేగమున సెకనునకు 150 పెట్టెలు చదువుసూది ముందునుండి సాగిపోవును. సూది యని వాడుకగా అంటిని; నిజమునకు అది లేజరు కిరణము. ఈ బండిలో ఏడు పెట్టెలు బొమ్మల సరుకుతో పోవగా ఎనిమిదవ పెట్టె శబ్దముతో వచ్చును. మరల ఏడు బొమ్మలవి, ఒకటి శబ్దముది. చిత్రము ముగియువరకు ఇదే వరుస. ప్రతి పెట్టెపైనను ఎనిమిది బైట్ల చీటీ యొకటి అంటించియుండును. లోపలి సరుకు బొమ్మయో శబ్దమో యంత్రము ఆ చీటీని చూచి తెలిసికొని, బొమ్మను ఎమ్‌డెక్‌నకును, శబ్దమును శబ్దవిభాగమునకును పంపును.

రెండు విధముల పెట్టెలకును వెలుపలి కొలత యొక్కటే గాని లోపలి ఏర్పాటు వేరు. బొమ్మల పెట్టెలో సరుకునకు 2,048 బైట్లే యిచ్చి, చదువుటలో వచ్చిన తప్పులను సరిదిద్దుటకై 276 బైట్లను వేరుగా నుంచిరి. కుదించిన బొమ్మలో ఒక్క అంకె తప్పినను బొమ్మ చెడును గనుక ఆ జాగ్రత్త అవసరము. శబ్దములో అంకె తప్పిన చిన్న చిటుకు మాత్రమే వినబడును. చెవి దానిని మన్నించును. కావున శబ్దపు పెట్టెలో ఆ దిద్దుబాటు భాగమును తీసివైచి, 2,324 బైట్లను సరుకునకే విడిచిరి.

కంప్యూటరు మామూలుగా ఫైలును ఎత్తి వ్రాయునపుడు ప్రతి పెట్టెలోను 2,048 బైట్లే యున్నవని తలచును. బొమ్మల పెట్టెలకు ఆ లెక్క సరిపోవును. శబ్దపు పెట్టెలకు సరిపోదు; వాని తోక తెగిపోవును. పెట్టెలపై అంటించిన చీటీలు గూడ చాలమారు ఊడిపోవును. మొదట చెప్పిన మూగబొమ్మలకు కారణమిదియే.

ఇంకొక నష్టము దీనికంటె సూక్ష్మమైనది. ఈ చిత్రములలో ఏ బొమ్మ ఏ క్షణమున కనబడవలెనో వ్రాసిన కాలసూచిక లేదు. డిస్కు భ్రమణమే దానికి గడియారము. నూటయేబది పెట్టెలు సాగినచో ఒక సెకను గడచినదని యర్థము. సెకనునకు పదునైదు బొమ్మలుండు చిత్రములో పది పెట్టెలకొక బొమ్మ మారును. పెట్టెల వరుసను చెరిపి, బొమ్మలను ఒకచోటను శబ్దమును ఒకచోటను పోగుచేసినచో గడియారము పగిలినట్లే. పెదవులు కదలిన కొంతసేపటికి మాట వినబడును.

అందుచేత ఈ పనిలో తెలిసినవారు ఫైలు జోలికి ముందుగా పోరు. డిస్కునంతను 2,352 బైట్ల పెట్టెలతో సహా, చీటీలతో సహా, ఉన్నదున్నట్లుగా ఒక్క ప్రతిగా దింపుకొందురు. దీనిని డిస్కు ఇమేజి యందురు. ప్లేస్టేషన్ డిస్కుల అడుగుభాగము నల్లగా నుండును. అది చూచి భయపడనక్కరలేదు. కంప్యూటరులోని సాధారణమైన డ్రైవు దానిని చక్కగా చదువును. ఒకమారు చదివి ఊరకుండక మరియొకమారు చదివి, రెండు ప్రతులకును ఎమ్‌డీ5 వంటి పద్ధతిచే లెక్కగట్టిన సంఖ్యలను పోల్చి చూతురు. ఒక్క బైటు మారినను ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును.

ఆ చిత్రము నిర్మించినవారి సొత్తని యిచటనే చెప్పవలెను. తాను కొన్న డిస్కు నుండి తన అధ్యయనమునకై తీసికొనుట వేరు, పదిమందికి పంచిపెట్టుట వేరు. మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము చలనచిత్రములకును వర్తించును.

డిస్కు ఇమేజి చేతికి వచ్చిన తరువాత జేపీఎస్ఎక్స్‌డెక్ అను ఉచిత ప్రోగ్రాము దానిని మొదటినుండి చివరివరకు వెదకి, ఏ పెట్టె నుండి ఏ పెట్టె వరకు చిత్రమున్నదో జాబితా వ్రాసియిచ్చును. కోరిన చిత్రమును శబ్దముతో జోడించి వేరుచేయును. 2000వ సంవత్సరమున ప్రారంభమైన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ప్రోగ్రాముకు సైతము ఈ పద్ధతి తెలియును.

వెలికిదీయుట ఇంతటితో ముగిసినది. మార్చుటలోనే అభిరుచికి పరీక్ష. చాలమంది చిత్రము చేతికి రాగానే దానిని చిన్న ఫైలుగా కుదించి పెట్టుకొందురు. ఒకమారు వడగట్టిన దానిని మరల వడగట్టుట యన్నమాట. మొదటి కుదింపులో ఏర్పడిన గళ్ల మరకలను రెండవ కుదింపు నిజమైన వివరములని భ్రమించి, వానిని కాపాడుటకై అసలు వివరమును పోగొట్టును. నష్టములేని కుదింపు కలదు. బొమ్మకు ఎఫ్ఎఫ్‌వీ1, శబ్దమునకు ఫ్లాక్ అట్టివి. విప్పినపుడు ప్రతి అంకెయు యథాతథముగా వచ్చును. మొదట ఆ పద్ధతిని ఒక ప్రతి చేసి భద్రపరచి, చూచుటకు కావలసిన చిన్న ప్రతిని దానినుండి చేసికొనుట ఉచితము.

రంగులలో నొక చిక్కు కలదు. ఎమ్‌డెక్ పద్ధతిలో నలుపునకు 0, తెలుపునకు 255 అని లెక్క. నేటి వీడియోలలో పెక్కింటికి నలుపు 16, తెలుపు 235. ఏ లెక్కయో చెప్పక మార్చినచో, చీకటి గదిలోని వస్తువులు నలుపులో కలిసిపోవుటయో, రాత్రివేళ ఆకాశము బూడిదరంగుగా వెలిసిపోవుటయో జరుగును. ఆట మొదటినుండియు అట్లే యుండెనని చూచువారు పొరబడుదురు.

సెకనునకు 15 బొమ్మలున్న చిత్రమును 60 బొమ్మలుగా సాగదీయుట, నాలుగుకు మూడు నిష్పత్తిలోని తెరను నేటి వెడల్పు తెరకు సరిపడ లాగుట గూడ కనబడుచున్నవి. మనుష్యులు పొట్టిగా లావుగా కన్పట్టినను వారికి బాధలేదు కాబోలు! కృత్రిమ మేధచే బొమ్మను పెంచి మెరుగుదిద్దువారును కలరు. అది ముచ్చటగా నుండవచ్చును. కాని ఆ మెరుగులో కొంత యంత్రము ఊహించి చేర్చినది. తాళపత్రమునకు ప్రతివ్రాయు లేఖకుడు శిథిలమైన పద్యపాదమును తన కవిత్వముతో పూరించినచో, అసలు పత్రము పోయిన పిదప కవి మాట యేదో లేఖకుని మాట యేదో ఎవ్వరును చెప్పలేరు. మెరుగుదిద్దిన ప్రతి ప్రక్కన అసలు ప్రతి యుండితీరవలెను.

ఆటలు చేసిన సంస్థలే వీనిని భద్రపరచియుండవా యని మీరడుగవచ్చును. కింగ్‌డమ్ హార్ట్స్ అను ఆట 2002వ సంవత్సరమున ప్లేస్టేషన్ 2 యంత్రముపై వెలువడినది. దానిని క్రొత్త యంత్రమునకు తగినట్లు దిద్ది 2013వ సంవత్సరమున మరల ప్రకటింపబూనినపుడు, మూలసామగ్రిలో అధికభాగము పోయినదని తేలెను. అమ్మకమునకు పోయిన ఆటనే త్రవ్వి చూచి, బొమ్మలలో పెక్కింటిని మరల నిర్మింపవలసివచ్చినది. ఫైనల్ ఫాంటసీ 7 అను ప్రసిద్ధమైన ఆట 1997వ సంవత్సరమున ప్లేస్టేషన్ పై మూడు డిస్కులుగా వచ్చి, 1998లో కంప్యూటరునకు మార్చబడినది. దాని చలనచిత్రములను అప్పుడు ట్రూమోషన్ అను వేరొక కుదింపు పద్ధతిలోనికి మార్చిరి. సంస్థవారు చేసిన కంప్యూటరు ప్రతియు అసలు డిస్కులోని దానికి యథాతథమైన ప్రతి కాదన్నమాట. డిస్కులు మాత్రము ఎంతకాలముండును? వానిలో వెలుగును త్రిప్పికొట్టు అల్యూమినియము పొర చాల పలుచనిది. గాలి సోకినచో అది క్రమముగా చెడును, చెడినచోట చదువబడదు.

ఇతర యంత్రముల పద్ధతులు వేరు. సెగా సంస్థవారి సాటర్న్ ఆటలలో సినెపాక్ అను కుదింపును విరివిగా వాడిరి. ప్లేస్టేషన్ 2 డీవీడీలలోని చిత్రములు మామూలు డీవీడీ సినిమాలవలె ఎంపెగ్ 2 పద్ధతిలో నుండుటచే బొమ్మను వేరుచేయుట సులువు. నింటెండో 64 యంత్రమునకు డిస్కు లేనేలేదు. అయినను రెసిడెంట్ ఈవిల్ 2 అను ఆటను 1999వ సంవత్సరమున దానికి మార్చినవారు, రెండు సీడీల ఆటను చలనచిత్రములతో సహా 64 మెగాబైట్ల కార్ట్‌రిడ్జిలో ఇమిడ్చిరి. ఆ చిత్రములను ప్లేస్టేషన్ చిత్రముల ప్రక్కనుంచి చూచినచో ఎంత పిండిరో తెలియును.

కొన్ని కట్‌సీనులను ఏ ప్రోగ్రామును వెలికిదీయలేదు. 1998లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ ఆటలో దృశ్యములు చాలవరకు చలనచిత్రములు కావు. పాత్రల ఆకారములను అక్కడికక్కడ లెక్కగట్టి యంత్రమే చిత్రించును. తోలుబొమ్మలాట ముగిసిన పిదప తెరను విప్పి వెదకిన కథ దొరకనట్లే, డిస్కులో వెదకిన అట్టి దృశ్యము దొరకదు. దానిని పట్టుకొనవలెనన్న ఆటను ఆ ఘట్టమువరకు ఆడి, యంత్రము తెరకు పంపు బొమ్మను ఆ సమయముననే కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను.