‘తొందరేం లేదు’ అన్న ఆపరేషన్



"తొందరేం లేదు, తేదీ ఇస్తాం" అని డాక్టరు అనగానే మనకి సగం జబ్బు తగ్గినట్టుంటుంది. హెర్నియా, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, కంటిశుక్లం, మోకాలి అరుగుదల చాలావరకు ఇలాంటివే. ఇప్పటికిప్పుడు ప్రాణానికి ముప్పు లేదనే ఆ మాటకి అర్థం. ఆగితే నష్టం లేదని కాదు.

ఖతార్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి మీకు తెలిసిందే. ఏడాదికి 100 రియాళ్ళ హెల్త్ కార్డు, ముందు మన ఏరియా హెల్త్ సెంటరు, అక్కడ రిఫర్ చేస్తే హమద్ ఆస్పత్రిలో స్పెషలిస్టు. అత్యవసరమైనవారిని ముందు చూస్తారు, అదే న్యాయం. మిగతావాళ్ళు వరుసలో ఉంటారు. దానికి తోడు మన వాయిదా ఒకటి: "సెలవుకి ఊరెళ్ళినప్పుడు చూద్దాంలే."

ఈలోగా శుక్లం ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, రాత్రిపూట బండి నడపడం ప్రమాదం. మోకాలు నొప్పని నడక మానేస్తే కండ బలం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, తర్వాత కోలుకోవడం ఆలస్యమవుతుంది. హెర్నియాలో పేగు ఇరుక్కుంటే, తొందరలేదన్న ఆపరేషనే అర్ధరాత్రి ఎమర్జెన్సీ అవుతుంది.

జీతం సంగతీ చూసుకోవాలి. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, చేరి 3 నెలలు దాటినవారికి ఏడాదిలో సిక్ లీవు మొదటి 2 వారాలకి పూర్తి జీతం, తర్వాతి 4 వారాలకి సగం. ఆపైన జీతం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కోరోజు వాడేసుకుంటూ పోతే, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకి పూర్తి జీతం మిగలదు.

అందుకని కొన్ని జాగ్రత్తలు:

• కార్డు గడువు దాటనివ్వకండి. ఫోన్ నంబరు మారితే ఆస్పత్రికి చెప్పండి.

• నొప్పి పెరిగినా, చూపు తగ్గినా తేదీ వచ్చేదాకా ఆగకుండా మళ్ళీ హెల్త్ సెంటరుకి వెళ్ళండి.

• వెళ్ళలేని అపాయింట్‌మెంటు ముందే రద్దు చేయండి. అది ఇంకొకరికి దక్కుతుంది.

• ఊళ్ళోనే చేయించుకోదలిస్తే రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. కోలుకునే రోజులు కూడా కలుపుకుని సెలవు పెట్టండి.

• హెర్నియా వాపు గట్టిపడి వాంతులైనా, గాల్‌బ్లాడర్ నొప్పితో జ్వరమో కామెర్లో వచ్చినా వెంటనే 999కి ఫోన్ చేయండి.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆస్పత్రికి తోడు లేకో, బండి లేకో ఆగిపోయినవారు మనలో ఉంటే మొహమాటపడకుండా తోటి సభ్యులకి చెప్పండి. వారం వారం కలిసి భజన చేసుకునేవాళ్ళం, ఒక పూట ఆస్పత్రికి తోడు రాలేమా?