పీట్ ఎత్తుభూముల పునరుద్ధరణలో క్రమం: పీక్ డిస్ట్రిక్ట్ ఉదాహరణ

ఇంగ్లండులోని పీక్ డిస్ట్రిక్ట్ 1951లో బ్రిటన్ తొలి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడింది. అయితే పారిశ్రామిక ధూమం వలన పెరిగిన ఆమ్లత్వం, కార్చిచ్చులు, గొర్రెల అతిమేత అక్కడి స్ఫాగ్నమ్ నాచును అప్పటికే దెబ్బతీశాయి. మొక్కల అవశేషాలు నీటిలో పూర్తిగా కుళ్ళక, ఏడాదికి సుమారు 1 మి.మీ. చొప్పున ఏర్పడే పీట్ నేల, కప్పు లేని చోట అంతకు ఎన్నో రెట్లు వేగంగా కోతకు గురైంది.

స్ఫాగ్నమ్ ఆమ్లనేలలకు చెందినదే అయినప్పటికీ, పునరుద్ధరణలో ముందుగా సున్నం వేస్తారు. తీవ్ర ఆమ్లత్వం గల నగ్న పీట్‌పై గడ్డి సైతం నిలదొక్కుకోలేకపోవడమే ఇందుకు కారణం. హెదర్ కొమ్మల ఆచ్ఛాదన, ఎరువు, గడ్డి విత్తనం నేలను తాత్కాలికంగా నిలుపుతాయి. వాగుకోతలకు అడ్డుకట్టలు నీటిమట్టాన్ని పెంచుతాయి. ఆ తరువాతనే స్ఫాగ్నమ్ నాటుతారు.

కావున తొలి పచ్చదనాన్ని విజయంగా పరిగణించరాదు. నీటిమట్టం, నాచు విస్తరణలే నిజమైన కొలమానాలు.