మిద్దె మోసే బరువెంత?

కోలారు జిల్లా నరసాపురంలో 2013లో హోండా కర్మాగారం మొదలైంది. తర్వాత ఐఫోన్లు బిగించే విస్ట్రాన్ వచ్చింది, 2023లో అది టాటాల చేతికి మారింది. పనివాళ్లు దిగితే అద్దె గదులు కావాలి. కింద కాపురం సాగుతుండగానే మిద్దె మీద గదులు లేపడం ఇలాంటి ఊళ్లలో మామూలే. ఇసుక, ఇటుక, సిమెంటు, పగలగొట్టిన పిట్టగోడ ముక్కలు అన్నీ పైనే పోస్తారు. వీధిలో పోస్తే పక్కింటివాళ్లతో తగువు, మిద్దె మీద అడిగేవాడు లేడు మరి.

అడగాల్సింది శ్లాబు. జనం ఎక్కి తిరిగే మిద్దెకు ఐఎస్ 875 ప్రమాణం లెక్కగట్టే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. గదుల్లోపల అయితే 200. ఇప్పుడు సామాను తూచండి. అడుగెత్తున ఇసుక పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 480 కిలోలు. 50 కిలోల సిమెంటు బస్తాలను ఒక్క వరుస పరిచినా ఆ 150 నిండిపోతుంది. ఇటుకలనూ బస్తాలనూ పది వరుసల ఎత్తు దాకా పేర్చవచ్చంటుంది ఐఎస్ 4082. గట్టి నేల మీద సరే, మిద్దె మీద అది పదింతల బరువు. పాత శ్లాబులో కమ్మీ ఎంత తుప్పుపట్టిందో మేస్త్రీకీ కనబడదు.

అందుకే ముందు దించాలి, తర్వాతే ఎక్కించాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల గోడ పడగొడితే రెండు టన్నులు వస్తుంది. మరమ్మతులోనైనా చదరపు మీటరుకు 40–50 కిలోల వ్యర్థం తేలుతుందని కేంద్ర సంస్థ టీఫ్యాక్ అంచనా. 600 చదరపు అడుగుల ఇంటికి రెండున్నర టన్నులన్నమాట. గుట్టయ్యాక చూద్దామనుకుంటే కష్టం. ఏ రోజు ముక్కలు ఆ రోజే కిందికి దించి, ట్రాక్టరు నిండగానే పంపెయ్యాలి. కూల్చిన ముక్కలను రోడ్డు మీదా కాలువలోనూ పడేయకూడదని 2016 కేంద్ర నిబంధనలే చెప్పాయి. ఇంటి యజమానులకూ అవి మినహాయింపు ఇవ్వలేదు.

సిమెంటు ఒక్కసారే కొనిపెట్టుకోవడం ఇంకో దండగ. మూడు నెలలు నిలవుంటే సుమారు 20 శాతం బలం పోతుంది. వారానికి సరిపడా తెప్పించుకుంటే చోటూ మిగులుతుంది.

ఇక నీళ్ల డ్రమ్ములు. కొత్త శ్లాబును కనీసం వారం, పది రోజులు తడపాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికీ దాదాపు అన్ని రోజులే చాలు. డ్రమ్ముకు మూత పెట్టండి, ఖాళీ బకెట్లు, గమేళాలు బోర్లించండి. నీళ్లు పారబోసినంత మాత్రాన చాలదు. గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి కాబట్టి వారానికోసారి లోపలంతా పీచుతో రుద్ది కడగాలి.