పాత హార్డ్‌డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి: అపోహలు – వాస్తవాలు

కన్నడం, తెలుగు పక్కపక్కనే వినిపించే రాయచూరు జిల్లాలో, కల్మల వంటి ఊళ్లలో ఒకే కంప్యూటర్ మీద పహాణీ ముద్రించడం, కన్నడ అర్జీ టైపు చేయడం, తెలుగు పెళ్లి పత్రిక కూర్చడం వంటి పనులన్నీ సాగవలసి ఉంటుంది కనుక, ఆ యంత్రం నెమ్మదించినప్పుడు కొత్తది కొనే బదులు హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోవాలనుకోవడం సమంజసమైన ఆలోచనే. హార్డ్‌డిస్కులో తిరిగే పళ్లెం మీద హెడ్ ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమేదీ లేదు, సమాచారమంతా ఫ్లాష్ మెమరీ చిప్పుల్లో ఉంటుంది. అయితే డ్రైవును బిగించడం కన్నా దానిలోకి ఆపరేటింగ్ సిస్టమ్‌ను తరలించడమే జాగ్రత్త కోరే పని, అపోహలు ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

అపోహ: సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ కొత్త డ్రైవులోకి కాపీ చేస్తే విండోస్ వచ్చేస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కొన్ని ఫోల్డర్ల సమూహం మాత్రమే కాదు. నేటి కంప్యూటర్లలో పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ అనే మూల సాఫ్ట్‌వేర్ ముందుగా వెదికేది సీ డ్రైవ్‌ను కాదు, దానికి పక్కన సాధారణంగా 100 ఎంబీ మేరకు దాగి ఉండే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌ను. బూట్ ఫైళ్లు అక్కడే ఉంటాయి, అవి చూపిన దారినే విండోస్ లేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించని ఆ భాగం కాపీలో చేరదు. పైగా నడుస్తున్న విండోస్ తన రిజిస్ట్రీ ఫైళ్లను తెరిచి పట్టుకుని ఉంటుంది కాబట్టి అవి మామూలు కాపీకి లొంగవు. అందువల్లనే పార్టిషన్ల అమరికతో సహా డిస్కు మొత్తానికి ప్రతిరూపం తీసే క్లోనింగ్ అవసరమవుతుంది. ఆ సమయంలో మూలం ఏది, గమ్యం ఏది అన్నది రెండుసార్లు సరిచూసుకోవాలి. ఎందుకంటే గమ్యంగా ఎంచుకున్న డిస్కులోని సమాచారమంతా చెరిగిపోతుంది, తిరగేసి ఎంచుకుంటే పోయేది పాత డిస్కే. కరెంటు నమ్మకంగా ఉండని చోట యూపీఎస్ మీద పెట్టి చేయడం మేలు.

అపోహ: విండోస్ కొత్తగా వేసి ఫైళ్లు తెచ్చుకుంటే అంతా పూర్వంలాగే ఉంటుంది.

శుభ్రమైన వ్యవస్థ కావాలనుకునేవారికి ఇది మంచి మార్గమే, కానీ రెండు లిపుల్లో పనిచేసే చోట ఇక్కడే పెద్ద చిక్కు వస్తుంది. అను ఫాంట్లతో గానీ, నుడి సాఫ్ట్‌వేర్ పాత ఫాంట్లతో గానీ కూర్చిన ఫైలులో తెలుగు, కన్నడ అక్షరాలు యూనికోడ్ సంకేతాలుగా నమోదై ఉండవు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలే ఉండి, ఫాంటు వాటికి మన అక్షరాల రూపం ఇస్తుంది. కొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేకపోతే వధూవరుల పేర్లు, ముహూర్తం అన్నీ అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా తెర మీద కనిపిస్తాయి, చూసినవారు ఫైలే పాడైందనుకుంటారు. ఫైలు పాడవలేదు, ఫాంటు వేస్తే అక్షరాలు తిరిగి వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసిన వాటికి ఈ బెడద లేదు, ఆ అక్షరాల సంకేతాలు ఏ యంత్రంలోనైనా ఒక్కటే. కనుక తాజా విండోస్ వేయదలచినవారు ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ను, వాటి లైసెన్సు వివరాలను ముందే భద్రపరచుకోవాలి. క్లోనింగ్‌లో మాత్రం ఫాంట్లు వాటంతట అవే వెంట వస్తాయి.

అపోహ: డ్రైవు మారిస్తే విండోస్ లైసెన్సు పోతుంది.

పోదు. విండోస్ 10, 11ల డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డును ఆధారం చేసుకుంటుంది కాబట్టి డ్రైవు ఒక్కటే మారితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎస్‌ఎస్‌డీ పెడితే విండోస్ 11కు అర్హత వస్తుందన్నది దీనికి తోబుట్టువు వంటి భ్రమ. అందుకు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, తగిన ప్రాసెసర్ కావాలి, అవి డ్రైవుతో రావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఈ సంగతి కొనకముందే తెలుసుకోవాలి.

అపోహ: కొత్త డ్రైవు పాతదానంత పెద్దదై తీరాలి.

పాత డిస్కు 1 టీబీ అయినా వాడుకలో ఉన్నది 150 జీబీయే అయితే, పార్టిషన్‌ను కుదించి 256 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి తేవచ్చు. కొత్త డ్రైవు తెర మీద 238 జీబీగా కనిపిస్తే మోసపోయామనుకోనక్కరలేదు: తయారీదారులు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తే, విండోస్ 1,024ను మూడుసార్లు హెచ్చించి లెక్కిస్తుంది.

అపోహ: క్లోన్ ముగిసిందంటే పని ముగిసినట్టే.

క్లోన్ ముగిశాక రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే విండోస్ వాటిలో ఒకదానిని ఆఫ్‌లైన్‌లో పెట్టవచ్చు. బూట్ క్రమం మార్చకపోతే యంత్రం పాత డిస్కుతోనే లేస్తూ, వాడేవారికి ఎస్‌ఎస్‌డీ వల్ల ఒరిగిందేమీ లేదనిపిస్తుంది. పాత డిస్కు కేబుల్ తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో లేపి చూడటమే నమ్మదగిన పరీక్ష. బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యంత్రంలో క్లోనింగ్‌కు ముందే 48 అంకెల రికవరీ కీని రాసి పెట్టుకోవాలి.

అపోహ: ఎస్‌ఎస్‌డీ రాసే కొద్దీ అరిగి త్వరగా చస్తుంది.

ఫ్లాష్ కణాలు అరిగే మాట నిజం, వేగం మాత్రం అతిశయోక్తి. ఉదాహరణకు 500 జీబీ శాంసంగ్ 870 ఎవో డ్రైవుకు వారంటీలోని రాత పరిమితి 300 టీబీ. రోజుకు 20 జీబీ రాసినా అది చేరడానికి 41 ఏళ్లు పడుతుంది. చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ మాత్రం ఎస్‌ఎస్‌డీకి అక్కర్లేదు. ఖాళీ అయిన భాగాలను డ్రైవుకు తెలిపే ట్రిమ్ ఆదేశాన్ని విండోస్ 7 నుంచి ఆపరేటింగ్ సిస్టమే పంపుతోంది. ఇదే ట్రిమ్ వల్ల ఎస్‌ఎస్‌డీలో పొరపాటున చెరిపిన ఫైలును వెనక్కి తేవడం హార్డ్‌డిస్కులో కన్నా చాలా కష్టం.

అపోహ: ఫొటోలు, పత్రాలు ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెడితే పదిలం.

ఫ్లాష్ కణాల్లో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, కరెంటు లేకుండా ఉంచితే అది మెల్లగా జారిపోతుంది, వేడి ఆ జారుడును పెంచుతుంది. జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి చివరికి చేరాక కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్త డ్రైవు అంతకన్నా చాలాకాలం నిలుపుతుంది గానీ, వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయచూరు సీమలో దీర్ఘకాలం దాచుకోవడానికి అది తగిన సాధనం కాదు. తీసివేసిన పాత హార్డ్‌డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఆ పనికి అదే నయం; కొత్త డ్రైవు మీద కొన్ని వారాలు పని సజావుగా సాగే వరకు దానిని చెరపకుండా ఉంచి, ఆ తర్వాత యూఎస్‌బీ పెట్టెలో బిగించి బ్యాకప్‌కు వాడుకోవచ్చు.